త్రీబాండ్ 1215: సరుకు మంచిదే, పూసే చోటే తెలియాలి

బైకు ఇంజన్ కవర్ల అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా పూసే బూడిద రంగు సిలికాన్ సీలెంట్ త్రీబాండ్ 1215. దీన్నే యమహా సర్వీస్ మాన్యువల్స్ ‘యమహా బాండ్ 1215’ అంటాయి. ఆరాక రబ్బరులా సాగుతుంది, ఇంజన్ ఆయిల్‌కి ఉబ్బదు, వేడికి పగలదు. వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ ట్యూబు దీనికి బదులు పనికిరాదు. ఆరేటప్పుడు దాన్నుంచి వచ్చే ఆమ్లం లోహాన్ని తినేస్తుంది.

ట్యూబులో తప్పేమీ లేదు, వాడకంలోనే ఉంది. క్లచ్ కవర్‌కి కొత్త పేపర్ ప్యాకింగ్ (కవర్‌కీ ఇంజన్‌కీ మధ్య పెట్టే కాగితపు గ్యాస్కెట్) వేస్తూ రెండు వైపులా సీలెంట్ పులిమేస్తారు. బోల్టులు బిగించగానే ఆ జారుడుకి ప్యాకింగ్ పక్కకి తోసుకుపోతుంది. లోపలికి పొంగిన సీలెంట్ ఆరి, పురుగుల్లా తెగి ఆయిల్‌లో పడుతుంది, ఆయిల్‌ని వడకట్టే స్ట్రెయినర్ జాలీని మూసేస్తుంది. కొన్ని ఇంజన్లలో పిస్టన్ తిప్పే క్రాంక్‌కి వెళ్లే ఆయిల్ దారి ఈ కవర్‌లోంచే ఉంటుంది. అక్కడ అడ్డం పడితే పోయేది బేరింగే. మాన్యువల్ వేరేగా చెప్పకపోతే పేపర్ ప్యాకింగ్ పొడిగానే వేయాలి. జారిపోతుంటే, కవర్‌ని సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నుల దగ్గర చిటికెడు గ్రీజు చాలు.

మరి 1215 ఎక్కడ? క్రాంక్ ఉండే పెట్టె, అంటే క్రాంక్‌కేసు, రెండు ముక్కలూ కలిసే గీత మీదుగా ప్యాకింగ్ దాటే చోట. ఆ రెండు అంచులూ వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉంటాయి, కాగితం ఆ మెట్టుని పూడ్చలేదు. గీత మీద 1 మిల్లీమీటరు చుక్క, అటూ ఇటూ కాస్త పామితే సరి. రెండోది, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ మీదుండే కవర్‌లోంచి వైర్లు బయటికొచ్చే రబ్బరు గ్రోమెట్ చుట్టూ. ‘ప్యాకింగ్ మార్చినా లీకు ఆగలేదు’ అనే ఫిర్యాదుకి మూలం ఈ గ్రోమెటే కావచ్చు.

పాత ప్యాకింగ్‌ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే తీయాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక్క గీత పడినా ఆయిల్ దారి వెతుక్కుంటుంది. డ్రిల్‌కి తగిలించి రుద్దే గరుకు డిస్కు అసలే వద్దు, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది. తర్వాత బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. జిడ్డు మీద సీలెంట్ అంటదు.

మ్యాగ్నెట్ కవర్‌ని అయస్కాంతం ఫట్‌మని లాగేసుకుంటుంది. వేళ్లు అంచున పెట్టకండి. వంకరగా పడితే పెట్టిన చుక్క చెదిరిపోతుంది, తుడిచి మళ్లీ పెట్టాల్సిందే. బోల్టుల పొడవులు వేరువేరు, విప్పేటప్పుడే అట్టముక్కకి అదే వరసలో గుచ్చి ఉంచండి. 6 మిల్లీమీటర్ల బోల్టులకి సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు. ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ‘ఇంకొంచెం’ అన్నారంటే అల్యూమినియం మర ఊడొస్తుంది.

గాలిలోని తేమతో ఆరే సరుకు ఇది. పూశాక పైన పొర కట్టకముందే కవర్ బిగించేయాలి, ఇంజన్ మాత్రం మర్నాడే స్టార్ట్ చేయాలి. ట్యూబులో మిగిలింది కూడా ఇలాగే గట్టిపడుతుంది. నాజిల్‌లో పొడవాటి స్క్రూ బిగించి పెడితే, మళ్లీ వాడేటప్పుడు ఆరిన ముక్క దాంతోనే ఊడొస్తుంది.