బర్మా ఆస్తి కాగితాలతో బాలాజీ కాలనీ లాయరమ్మ దగ్గరికి

రంగూన్ మొగల్ స్ట్రీట్‌లో మా జేజినాయనకు బియ్యం అంగడి ఉండేది. 1962లో సైన్యం గద్దెనెక్కింది, 1964లో అంగళ్లన్నీ ప్రభుత్వపరం చేసింది. పిల్లాజెల్లాతో ఓడెక్కి మద్రాసులో దిగాడాయన. ఇన్నేళ్లకు ఒక ఏజెంటు మా ఇంటికొచ్చి, "అక్కడ ప్రభుత్వాలు మారిపోయాయి, అంతర్జాతీయ కోర్టులో వేస్తే ఆస్తి తిరిగొస్తుంది, ముందు 20 వేలు కట్టండి" అన్నాడు. అమ్మకు ఆశ పుట్టింది. డబ్బు కట్టేముందు తిరుపతి బాలాజీ కాలనీలో ఈ లాయరమ్మను కలిశాం.

ఆమె అంగడి లైసెన్సు పక్కన పెట్టి, "అప్పటికి మీ జేజినాయన ఏ దేశ పౌరుడన్నా?" అని అడిగింది. ట్రంకుపెట్టెలో దొరికిన ఫారినర్స్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (విదేశీయుడని బర్మాలో ఇచ్చిన కాగితం) ఇచ్చాను. ఫొటో పసుపెక్కింది, మడత దగ్గర చిరిగింది. టేబుల్ లైటు కింద పెట్టి ముద్ర చుట్టూ ఉన్న అక్షరాలను భూతద్దంతో చూసింది. "దీన్ని లామినేషన్ మాత్రం చేయించొద్దు" అంది. ఆయన బర్మా పౌరుడై ఉంటే, విదేశీయుల ఆస్తికి అంతర్జాతీయ చట్టం ఇచ్చే రక్షణ అడగడానికే ఉండేది కాదట.

ఆ కాగితం ఉన్నా హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకు మనం వెళ్లలేం, దేశాలే వెళ్లాలి అని ఆమె వివరించింది. లాక్కున్నది తిరిగివ్వాలి, కుదరకపోతే విలువ కట్టివ్వాలని 1928లోనే చోర్జోవ్ ఫ్యాక్టరీ కేసులో తీర్పుంది. అయితే అది జర్మనీ, పోలండ్ అనే రెండు దేశాల తగవు. మామూలు జనానికి ఆస్తులు దక్కింది ఎక్కువగా కొత్త ప్రభుత్వాలు సొంతంగా చట్టం చేసిన చోటే. ఉగాండాలో 1972లో ఇదీ అమీన్ ఆసియా వాళ్లను తరిమేస్తే, 1982 చట్టంతో చాలామందికి ఇళ్లు, అంగళ్లు తిరిగొచ్చాయి. చెక్ దేశంలో కమ్యూనిస్టుల కాలంలో లాక్కున్న ఆస్తులు తిరిగిచ్చే చట్టం, తమ పౌరులకే ఇస్తామని మెలిక పెట్టింది. అది వివక్ష అని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1995లో తప్పుపట్టింది. బర్మాలో మన అంగళ్లకు అలాంటి చట్టమే రాలేదు. "అందుకే కేసు వేయను, ఆ ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దు" అని తేల్చి చెప్పింది.

ఫీజు 1,000 రూపాయలు. కేసు లేదని చెప్పడానికి అంతసేపు కూర్చోబెట్టి వివరించే లాయర్లు అరుదు. అమ్మ చదువుకోవడానికి అరపేజీ తెలుగులో రాసిచ్చింది కూడా. అమ్మ ఏడ్చింది, కానీ టెన్షన్ తీరింది. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, పెద్దవాళ్లకు ఇబ్బందే. జిరాక్సులు చూడదు, అసలు కాగితాలే తీసుకెళ్లండి.