ట్విస్టెడ్ లూప్ డ్రైయింగ్ టవల్: కొన్నేళ్లు వాడాక

నాది నల్ల కారు. ఎండ పడగానే బానెట్ మీద సాలెగూడులా మెరిసే సన్న గీతల గురించి నల్ల కారు ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చూడ్డానికి గుండ్రంగా ఉంటాయి కానీ, నిజానికి అవి అన్ని దిక్కులకూ పోయే గీతలు. వెలుగు పడ్డ చోటు చుట్టూ అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి అలా కనిపిస్తాయి. పెయింటు పైనుండే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాలిష్ పట్టి గీతలు తీయించిన ప్రతిసారీ అందులోంచే కొంత అరిగిపోతుంది. అందుకే గీతలు పడకుండా చూసుకోవడం మీదే నా ఖర్చంతా.

ఆ ఖర్చులో బాగా గిట్టుబాటైంది, కడిగిన కారు తుడవడానికి వాడే ఈ టవలే. మామూలు మైక్రోఫైబర్ గుడ్డకు పొట్టి నూగు ఉంటుంది. దీనికి మెలితిప్పిన దారాలు వరసలు వరసలుగా లేచి ఉంటాయి. తడి బానెట్ మీద పరిచి, రెండు మూలలూ పట్టుకుని మెల్లగా మన వైపుకి లాగితే చాలు, అదిమి రుద్దే పనే లేదు. టవల్ జరిగిన మేరా నీళ్లు మాయమవుతాయి. అంతకుముందు సింథటిక్ షామీ, అంటే తోలులా ఉండే కృత్రిమ గుడ్డ, వాడేవాణ్ని. అది కూడా నీళ్లు బాగానే పీలుస్తుంది. కాకపోతే నున్నగా పెయింటుకు అతుక్కుపోతుంది. ఎక్కడైనా ఒక్క ఇసుక రేణువు మిగిలితే దానికి పోవడానికి చోటు ఉండదు, మధ్యలో ఇరుక్కుని చివరిదాకా గీసుకుంటూ వస్తుంది. టవల్‌లో అయితే దారాల సందుల్లోకి దిగే అవకాశం కొంత ఉంది.

కొంతే సుమా. కడగడం సరిగ్గా లేకపోతే ఏ టవలూ కాపాడలేదు. ముందు పైపుతో ఇసుక, బురద పోయేదాకా నీళ్లు కొట్టాలి. షాంపూకి ఒక బకెట్, కారు రుద్దే గ్లవ్ జాడించడానికి ఇంకోటి, ఇసుక కిందికి దిగిపోయేలా దాని అడుగున జల్లెడ. పైకప్పు నుంచి కిందికి రావాలి, తలుపుల కింది భాగానికీ చక్రాలకూ వేరే గుడ్డ వాడాలి. ఇదంతా నీడలోనే. ఎండలో అయితే తుడిచేలోపే నీళ్లు ఆరిపోయి ఉప్పు మరకలు కడతాయి. ఆఖర్న పైపుకున్న గన్ తీసేసి, ధారను పైకప్పు మీంచి నెమ్మదిగా పారనివ్వండి. మైనం పట్టిన కారు మీద సగానికి పైగా నీళ్లు వాటంతటవే జారిపోతాయి, టవల్‌కి పని తగ్గుతుంది. ఇక దుమ్ము పట్టిన కారుని పొడి గుడ్డతో దులిపే అలవాటు ఉన్నవాళ్లు ఈ టవల్ కొనడం దండగ.

లోపాలు ఉన్నాయి. పెద్ద సైజు టవల్ తడిస్తే మోయలేనంత బరువు, పిండటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నంబర్ ప్లేట్ బోల్టుకో, వైపర్ అంచుకో దారం చిక్కుకుని బయటికి వస్తుంది. వస్తే లాగకుండా కత్తెరతో కత్తిరించేస్తాను. అద్దాల మీద పల్చగా తేమ వదిలేస్తుంది, దానికి ఇంకో గుడ్డ పట్టాల్సిందే. కొత్తలో నూగు రాలుతుంది, వాడేముందు ఒకసారి ఉతికితే ఆ గొడవ ఉండదు. అంచున కుట్టిన లేబుల్ కూడా ముందే తీసేయండి.

ఇన్నేళ్లు మన్నింది ఉతికే పద్ధతి వల్లే. కాటన్ బట్టలతో కలపను, కలిపితే వాటి నూగంతా దీనికే పడుతుంది. లిక్విడ్ సబ్బు చాలు. ఫాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు, దాని జిడ్డు దారాలకు పట్టిందంటే టవల్ నీళ్లు పీల్చడం మానేసి అటూ ఇటూ తోస్తుంది. వేడి గాలి కూడా తగలనివ్వను. నేల మీద పడిన టవల్‌ని మాత్రం మళ్లీ పెయింటుకు వాడను, ఎంత ఉతికినా సరే, అది చక్రాల ఖాతాలోకే.

కొనేవాళ్లు మరీ పెద్దది కాకుండా మధ్యరకం సైజువి రెండు తీసుకోండి. ఒకటి నిండిపోయేసరికి రెండోది పొడిగా చేతిలో ఉంటుంది.