బెజవాడ నుంచి వైజాగ్ ప్యాకేజీ తీసుకుంటున్నారా, అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి

పోయిన నెల మా ఇంట్లో ఆరుగురం, అంటే మా ఆయన, నేను, అత్తయ్య, మామయ్య, పిల్లలిద్దరు, వైజాగ్ వెళ్ళొచ్చాం. బెజవాడలోనే ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర "3 నైట్స్ 4 డేస్ బీచ్ ప్యాకేజీ" అని 57,000కి మాట్లాడుకున్నాం. పేరు రాయను, కంప్లైంట్ నడుస్తోంది. కానీ ఇదే రకం ప్యాకేజీ ఊళ్ళో చాలామంది అమ్ముతున్నారు కాబట్టి ఎక్కడెక్కడ దెబ్బతిన్నామో చెప్తా.

నేను మొదటి రోజే క్లియర్‌గా చెప్పానండీ, పెద్దవాళ్ళున్నారు, ఉరుకులు పరుగులు వద్దు, పొద్దున సాయంత్రం సముద్రం దగ్గర కూర్చోవాలి, మంచి చేపల పులుసు తినాలి, తొట్లకొండ, భీమిలి నిదానంగా చూడాలి, అంతే అని. అతను "అలాగే మేడం, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఆ మాట విన్నప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

ఆ 3 నైట్స్ లెక్క చూడండి. శుక్రవారం రాత్రి బెజవాడ స్టేషన్‌లో రైలెక్కాం చూశారూ, అదొక నైట్, అదే ఫస్ట్ డే కూడానట. అంటే హోటల్లో పడుకున్నది రెండే రాత్రులు. శనివారం పొద్దున్న ఐదున్నరకి వైజాగ్‌లో దిగితే చెకిన్ 12కి అన్నారు, మా మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఆరున్నర గంటలు లాబీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం ఆయన్ని. ఎర్లీ చెకిన్ కావాలంటే రూముకి 800 ఎక్స్‌ట్రా అట, ఆ ముక్క ముందు ఎవడూ చెప్పలేదు.

ఇక సీ వ్యూ రూము. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ ఏసీల వెనక భాగాలు, ఒక ఆరేసిన లుంగీ. సముద్రం ఏదయ్యా అంటే రిసెప్షన్ కుర్రాడు పాపం నిజాయితీగా "టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడితే కనపడుద్దండీ" అన్నాడు. వాట్సాప్‌లో ఫోటోలు పంపింది వేరే హోటల్‌వి. ఫోన్ చేసి అడిగితే పీడీఎఫ్‌లో ఆ హోటల్ పేరు పక్కనే చిన్నక్షరాల్లో "ఆర్ సిమిలర్", అంటే లేదా అలాంటిదే ఇంకో హోటల్, అని ఉంది చూస్కోండి మేడం అన్నాడు. చూశాను, ఉంది, కళ్ళజోడు పెట్టుకుంటే ఉంది! మొత్తం మోసం ఆ రెండు మాటల్లోనే దాచాడండీ.

ఆదివారం తెల్లారి 5కి వ్యాన్ వచ్చింది, అరకు అట. మేమడిగింది బీచ్ కదా బాబూ అంటే డ్రైవరు "నానేటి సెయ్యనమ్మా, నాకిచ్చిన కాయితంలో అరకే ఉంది" అన్నాడు, అతన్ని అనడానికేం లేదు. పోను 115 కిలోమీటర్లు దాకా, రాను అంతే, ఘాట్ రోడ్డు, అత్తయ్య రెండుసార్లు వాంతి చేసుకున్నారు. బొర్రా గుహలు బావున్నాయి, కాదనను, కానీ సముద్రం కోసం వెళ్ళి పగలంతా కొండల్లో తిరిగి రాత్రి 9కి వచ్చి పడ్డాం. దారిలో జీడిపప్పు షాపు, ముత్యాల షాపు, రెండు చోట్లా అరగంట చొప్పున ఆపారు, కమీషన్ అని పిల్లలక్కూడా అర్థమైంది.

సోమవారం అసలు కామెడీ. ప్లాన్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం పెట్టాడు. సోమవారం దానికి సెలవు! 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఆ తర్వాతేడాది నుంచి బీచ్ ఒడ్డునే ఉంది అది, దాని సెలవు రోజు తెలియనోడు వైజాగ్ ప్యాకేజీలు అమ్ముతున్నాడు. మా చిన్నోడు గేటు పట్టుకుని ఏడుపు.

తొట్లకొండకి కాయితంలో 20 నిమిషాలే. నేను వ్యాన్ ఎక్కనని భీష్మించి గంటన్నర కూర్చున్నా. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, వాటి వల్లే ఆ పేరు, బౌద్ధ భిక్షువులు ఉండే గదుల పునాదులు, కింద మొత్తం సముద్రం. మొత్తం ట్రిప్పులో డబ్బు గిట్టుబాటైంది అక్కడొక్కచోటే, ఇంకోటి ఆర్కే బీచ్‌లో ముంత మిక్చర్, మన పిడత కింద పప్పుకి చుట్టమే గానీ రుచి వేరు. భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులు వ్యాన్ కిటికీలోంచే చూశాం, రాత్రి రైలుకి లేటవుద్దట. సీఫుడ్ డిన్నర్ అంటే మనిషికో చేప ముక్క, ఆపైన పనీరు కూర.

మీరు మాత్రం "ఆర్ సిమిలర్" కొట్టేయించి హోటల్ పేరు రాయించుకోండి, ఆ హోటల్‌కి మీరే ఫోన్ చేసి మీ పేరు మీద రూముందో లేదో కనుక్కోండి. రాత్రులు ఎన్నని కాదు, హోటల్లో ఎన్ని రాత్రులని అడగండి. అడ్వాన్స్ కంపెనీ అకౌంట్‌కే వెయ్యండి, నేను 35,000 ఎవరిదో సొంత నంబర్‌కి ఫోన్‌పే కొట్టా, బిల్లు లేదు, ఇప్పుడు ఆ స్క్రీన్‌షాటే నా ఆధారం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రిజిస్టర్ చేయించా. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, మనం కట్టింది 5 లక్షల లోపైతే కేసుకి ఫీజు లేదు, మనముండే ఊళ్ళోనే వేసుకోవచ్చు.

నిన్న ఆ ట్రావెల్స్ అతనే ఫోన్ చేశాడు. రిఫండ్ కుదరదట, కంప్లైంట్ వెనక్కి తీసుకుంటే గోవా ప్యాకేజీలో 5,000 తగ్గిస్తాడట.