త్రే డ ల్యూర్: హీటర్ పనిచేయని గదిలో మూడు రాత్రులు

ఇంగ్లండ్, ఐర్లండ్‌ల మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు హీటర్ వేయించి చూడండి. డగ్లస్‌లో సముద్రం ఎదురుగా ఉన్న ఒక గెస్ట్ హౌస్‌కి మూడు రాత్రులకు 285 పౌండ్లు ముందే కట్టాం. ఏప్రిల్ చలి, హీటర్ పనిచేయదు. చెప్తే ఓనర్ నవ్వి, గోడ మీది చెక్కపలక చూపించి "త్రే డ ల్యూర్" అన్నాడు. ఆ దీవి సొంత భాష మాంక్స్‌లో "బోలెడు టైముంది" అనట. రెండో రోజూ అదే మాట. మా ఆవిడ కోటుతోనే పడుకుంది. పొద్దున నాతో మాట్లాడలేదు.

లాక్సీ ఊళ్లోని పెద్ద నీటిచక్రం, ఎలక్ట్రిక్ రైలు బాగున్నాయి.

మూడో రోజు క్రెగ్నీష్ వెళ్లాం. గడ్డికప్పు ఇళ్ల పల్లె. అక్కడ ఒక పెద్దావిడని ఈ మాట గురించే అడిగాను. కూర్చోబెట్టి మరీ చెప్పింది. 'త్రే' అంటే సమయం, ఐరిష్‌లో 'త్రా'. 'డ ల్యూర్' అంటే కావలసినంత, ఐరిష్‌లో 'గొ ల్యోర్'. ఇంగ్లీషు వాళ్ల 'గలోర్' కూడా అక్కడి నుంచి వచ్చిందే. మాంక్స్‌ని ఇంగ్లీషు స్పెల్లింగ్ పద్ధతిలో రాస్తారు కాబట్టి కాగితం మీద ఈ చుట్టరికం కనపడదు, పైకి పలికితే తెలుస్తుంది. ఆవిడ రెండు మాటలూ పక్కపక్కన పలికింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాటలో "తర్వాత చూద్దాం" అన్నది ఎక్కడా లేదు. వాయిదాలు వేసేవాళ్లు వాడి వాడి ఆ అర్థం అంటించారు.

ఈ భాషని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ ఈ పల్లెలోనే, ఇంగ్లీషు రాని ముసలావిడ దగ్గర పెరిగాడు. 1974లో పోయాడు. 2009లో యునెస్కో ఈ భాష అంతరించిపోయిందని రాస్తే, మాంక్స్‌లోనే చదువుకునే బడిపిల్లలు "మరి మేం రాస్తున్నది ఏ భాష?" అని ఉత్తరాలు రాశారు. యునెస్కో ఆ మాట మార్చుకుంది. అది విన్నాక మా ఆవిడ మొహం విప్పారింది. టీ, ఎండుద్రాక్ష వేసిన బొనాగ్ రొట్టె ఇద్దరికీ 9 పౌండ్ల 40. వేడివేడిగా, ఆ డబ్బుకి తగ్గట్టే ఉంది.

ఖాళీ చేసేటప్పుడు గట్టిగా అడిగితే ఓనర్ 20 పౌండ్లు వెనక్కిచ్చాడు, అదీ ఆ దీవి సొంత మాంక్స్ నోటు. ఓడ దిగాక ఇంగ్లండ్ రేవు హేషమ్‌లో కొట్టువాడు తీసుకోలేదు. ఆ నోట్లు మీ చేతికొస్తే ఓడ ఎక్కకముందే ఖర్చు పెట్టేయండి.