కౌచ్ టు 5కె: పద్ధతి మంచిదే, ఐదో వారంతోనే జాగ్రత్త

పరుగు ఎరగనివాళ్ల కోసం జాష్ క్లార్క్ 1996లో రూపొందించిన 9 వారాల పద్ధతి ఇది. సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా అని పేరుకి అర్థం. వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట అటూ ఇటూ. ఒడిశాలో, బరంపురంలోనో రాయగడలోనో కొత్తగా పరుగు మొదలెట్టే మన తెలుగువాళ్లకి ధైర్యంగా చెప్పదగ్గది. కాకపోతే మన ఎండకీ, మన నేలకీ తగ్గట్టు కొంచెం సర్దుకోవాలి.

ముందు 5 నిమిషాలు చురుగ్గా నడవాలి. మొదటి వారం 1 నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. రెండో వారం ఒకటిన్నర పరుగు, రెండు నడక. నాలుగో వారానికి ఒక్కో పరుగు 5 నిమిషాల దాకా వెళ్తుంది. ఇక్కడిదాకా మెట్లు చిన్నవే. ఐదో వారంలో మొదటి రోజు 5 నిమిషాల పరుగులు మూడు, రెండో రోజు 8 నిమిషాలవి రెండు, మూడో రోజు మధ్యలో నడకే లేకుండా ఏకబిగిన 20 నిమిషాలు. తడబడేది ఇక్కడే. కారణం చాలాసార్లు బలం చాలకపోవడం కాదు, వేగం ఎక్కువవడం. పరిగెడుతూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట తెగుతుంటే తగ్గించండి, నడకకన్నా కాస్తే ఎక్కువైనా పరవాలేదు. అప్పటికీ కుదరకపోతే అదే వారం మళ్లీ చెయ్యండి. తొమ్మిది వారాలది పన్నెండయితే నష్టమేమీ లేదు.

విశ్రాంతి రోజులు మాత్రం ఎగ్గొట్టకండి. ఊపిరి వారాల్లోనే అలవాటు పడుతుంది, ఎముకలకీ స్నాయువులకీ నెలలు కావాలి. ఒంట్లో హుషారు వచ్చిందని రోజూ పరిగెడితే మోకాలి కింద ముందు ఎముక పొడుగునా సలుపు మొదలవుతుంది. వేలితో నొక్కితే ఒక్కచోటే నొప్పి ఉండి, నడిచినా తగ్గకపోతే పరుగు ఆపి డాక్టరుకి చూపించండి.

గోపాల్‌పూర్ తీరంలో పొడి ఇసుక మీద మొదలెట్టవద్దు, మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. ఆటు వేళ తడిసి గట్టిపడ్డ ఇసుక మేలు. అదీ ఏటవాలే కాబట్టి వెళ్లినంత దూరం అదే దారిన వెనక్కి రండి, భారం రెండు కాళ్లకీ సమానంగా పడుతుంది. రాయగడ వైపు ఎత్తుల్లో నడిచి ఎక్కండి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారేలోపే ముగించాలి. తీరం గాలిలో తేమకి చెమట ఆరదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఇంటికొచ్చాక ఉప్పేసిన తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) ఒక గ్లాసు తాగితే నీళ్లూ ఉప్పూ రెండూ అందుతాయి.

లోపం పేరులోనే ఉంది. చివరి వారం చేయించేది 30 నిమిషాల పరుగు. కిలోమీటరుకి 8 నిమిషాలు పట్టేవాళ్లకి అది 3.75 కిలోమీటర్లే. 5 కావాలంటే 40 నిమిషాలు పరిగెత్తాలి, అందుకు వారానికి 3 నిమిషాల చొప్పున మరో నెల పెంచుకుంటూ పోతే చాలు.

యాప్ లేకపోయినా ఫోన్లో టైమర్ సరిపోతుంది. డబ్బు బూట్ల మీద పెట్టండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసుకుని చూడండి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.