తడి చెత్త, పొడి చెత్త, కింద ఒక గది: ఐదేళ్లు వాడాక నా అభిప్రాయం

మా అపార్ట్‌మెంట్‌లో చెత్తను మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వాలన్న నిబంధన వచ్చి ఐదేళ్లు దాటింది. తడి చెత్త, పొడి చెత్త, ఇక బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు లాంటివి ఇంకో డబ్బాలో. దాంతోపాటే ఇళ్ల నిబంధనలూ మార్చారు: ప్రతి అపార్ట్‌మెంట్‌కు కింద చెత్త గది ఉండాలి, పై అంతస్తుల నుంచి చెత్త జారవిడిచే గొట్టం ఉంటే మూసేయాలి. ఫోన్‌కీ మిక్సీకీ రివ్యూలు రాస్తాం గానీ రోజూ మన చేతిలో నలిగే ఇలాంటి వాటికి ఎవరూ రాయరు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మార్కులు ముందే చెప్పేస్తా. చెత్త వేరు చేసే పద్ధతికి ఐదుకు నాలుగున్నర. గది నిబంధనకు మొదటి రెండేళ్లూ ఒకటి, ఇప్పుడు నాలుగు.

మొదటి నెల ఇంట్లో రోజూ వాదనలే. టీ బ్యాగ్ దేంట్లో, నూనె అంటిన కాగితం దేంట్లో, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న జ్యూస్ డబ్బా దేంట్లో. రెండో నెలకల్లా చెయ్యి దానంతట అదే సరైన డబ్బా మీదికి వెళ్లడం మొదలైంది. కంపు కొడుతుందని చాలామంది భయపడతారు, మాకూ మొదట్లో కొట్టింది. కారణం తడి చెత్త కాదు, అందులో నిలిచిన నీళ్లు. గాలి ఆడక, నీళ్లు నిలిచిపోతే ఏదైనా కుళ్లి వాసన వేస్తుంది. ఇప్పుడు మిగిలిన కూరల్లో నీళ్లు సింక్‌లోనే వంపేసి, డబ్బా అడుగున పాత పేపరు నాలుగు మడతలు వేసి, పైన మూత పెడుతున్నాం. సాయంత్రం కిందికి తీసుకెళ్లేసరికి ఆ పేపరు అడుగున ముద్దగా తడిసి ఉంటుంది కానీ డబ్బా మాత్రం దాదాపు పొడిగానే ఉంటుంది, ఓసారి కడిగితే సరిపోతుంది. ప్లాస్టిక్ కవరు మాత్రం వేయొద్దు, ఎందుకో కిందే చెప్తా.

రెండో ఏడాది మా అసోసియేషన్ వాళ్లు నలుగురం కలిసి కంపోస్ట్ చేసే చోటికి వెళ్లి చూశాం. అంతవరకు నిబంధన ఉంది కాబట్టి చేస్తున్నా, ఆ రోజు నుంచి ఇష్టంగా చేస్తున్నా. నా ఎత్తు కంటే పెద్ద కుప్పల నుంచి పొద్దున్నే ఆవిరి లేస్తోంది. ఒక కుప్పలో పొడుగాటి థర్మామీటర్ గుచ్చి చూపించారు, 60 డిగ్రీలు దాటింది. 55 డిగ్రీల పైన కొన్ని రోజులు నిలబడితే రోగకారక క్రిములు చాలా వరకు చచ్చిపోతాయట, ఎండుటాకులు, రంపపు పొట్టు కలిపి కార్బన్, నైట్రోజన్ పాళ్లు 30కి 1 దగ్గర ఉండేలా చూసుకుంటారట. పక్కనే చెత్త కదిలే బెల్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు గ్లౌజులు వేసుకుని ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటీ ఏరుతున్నారు, డబ్బాలో కవరు వేయొద్దన్నది ఇందుకే. ఒకావిడ గ్లౌజు వేలి దగ్గర తెగి ఉంది. గాజు పెంకు కోసిందని చెప్పింది. ఆ గాజు మాలాంటి ఏదో ఇంటి తడి డబ్బాలోంచే వచ్చి ఉంటుంది కదా. అప్పటి నుంచి మా ఇంట్లో గ్లాసు పగిలితే మందపాటి కాగితంలో చుట్టి, పైన పెన్నుతో 'గాజు' అని రాసి విడిగా ఇస్తున్నాం.

వేరు చేసి ఏం లాభం, వాళ్లు మళ్లీ కలిపేస్తారు అనేవాళ్లకు ఒక మాట. ఆహార వ్యర్థాలను అలాగే తీసుకెళ్లి పూడ్చేస్తే గాలి తగలక మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడం ఆపేసింది, ఇప్పుడు అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో డబ్బా తూకం వేసి ఎవరి చెత్తకు వాళ్ల దగ్గరే డబ్బు వసూలు చేస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009 నుంచి తడి, పొడి వేరు చేయడం తప్పనిసరి. అంటే ఇది మన ఒక్కరి మీద రుద్దిన చాదస్తం కాదు. పైగా తడిసిన కాగితం, అట్టపెట్టె రీసైక్లింగ్‌కు దాదాపు పనికిరావు, కాబట్టి కలిపేస్తే రెండు రకాలూ పాడైనట్టే.

ఇక గది సంగతి. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే.

వేరు చేయాలన్న నిబంధన వెంటనే అమల్లోకి వచ్చింది, గది కట్టుకుని గొట్టం మూయడానికి మాత్రం మాలాంటి పాత భవనాలకు రెండేళ్ల గడువిచ్చారు. ఆ రెండేళ్లూ గొట్టం తెరిచే ఉంది. పై అంతస్తులో ఒకాయన మూడు డబ్బాలు నింపి, రాత్రికి మూడూ అదే గొట్టంలో వేసేవాడు. ఆయన్ని ఏమని అంటాం, అన్నీ పడేది ఒకే చోట! చెత్త బండివాళ్లు కలిసిపోయిందని తీసుకోకుండా వెళ్లిపోయేవారు, జరిమానా నోటీసు మాత్రం బిల్డింగ్ మొత్తానికి వచ్చేది. సరిగ్గా చేసినవాళ్లూ కట్టాం, చేయనివాళ్లూ కట్టారు. సింగపూర్‌లో నాలుగంతస్తులు దాటిన కొత్త ప్రైవేటు అపార్ట్‌మెంట్లకు 2018 నుంచి చెత్తకు ఒక గొట్టం, రీసైక్లింగ్‌కు ఇంకో గొట్టం పెట్టాలన్నారు. భారత్‌లో 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనూ 200 ఇళ్లు దాటిన సముదాయాల ప్లాన్‌లో చెత్త వేరు చేయడానికి విడిగా స్థలం చూపించాలని రాశారు. చెత్త నిబంధన రాసేవాళ్లు, ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇచ్చేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే జనం ఎంత శ్రద్ధగా వేరు చేసినా ఆ శ్రమ వృథానే అని మా బిల్డింగ్‌లో రెండేళ్లు కళ్లారా చూశాను.

చివరికి గది కట్టారు. పార్కింగ్ వెనక మూల, వైశాల్యం నిబంధన ప్రకారం సరిపోయింది, తనిఖీకి వచ్చినాయన టేపు పెట్టి కొలిచి సంతకం పెట్టేశారు. కానీ గుమ్మం దగ్గర ఆరంగుళాల మెట్టు. లోపల కుళాయి లేదు, నీళ్లు పోయే దారి లేదు. తడి చెత్త నిండిన 240 లీటర్ల చక్రాల డబ్బా తేలిగ్గా వంద కిలోలు దాటుతుంది. దాన్ని రోజూ ఇద్దరు మనుషులు ఆ మెట్టు మీదుగా దించాలి. ఒక వానాకాలం పొద్దున చక్రం జారి డబ్బా బోర్లాపడి ఒక కార్మికుడి పాదం నలిగింది. మూడు వారాల తర్వాత పనిలోకి వచ్చిన ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా తిట్టలేదు. "ఈ మెట్టు ఒక్కటి తీయించండి సార్, మిగతాది మేం తోసుకుంటాం" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నెలలోనే అసోసియేషన్‌లో పట్టుబట్టి మెట్టు కొట్టించి వాలు కట్టించాం, కుళాయి, మురుగు కాలువకు జాలీ, ఒక లైటు పెట్టించాం. ఆ తర్వాతి సవరణలో ఇవే నిబంధనల్లోకి వచ్చాయి, వాటితో పాటు తలుపు డబ్బా వెడల్పుకు సరిపోవాలన్నది కూడా. అప్పటికి మా బిల్డింగ్‌లో ఒక మనిషి కాలు నలిగిపోయింది.

మూడో ఏడాది వచ్చిన ఇంకో చిన్న మార్పు నాకు బాగా నచ్చింది. అద్దెకు ఇచ్చేవాళ్లు అద్దె ఒప్పందంతో పాటే చెత్త రోజులు, ఏది దేంట్లో వేయాలో ఉన్న కాగితం ఇవ్వాలి. కొత్తగా దిగినవాళ్ల తప్పులు బాగా తగ్గాయి, ఎందుకంటే వాళ్లకు చెప్పేవాళ్లే ఉండేవారు కాదు.

ఆ అర మార్కు, ఒక మార్కు ఎందుకు కోశానంటే, జరిమానా ఇప్పటికీ బిల్డింగ్ మొత్తానికే వేస్తున్నారు. ఇంకొకటి అంతకంటే ముఖ్యం. గొట్టం మూయడం సరైన పనే, కానీ నడవలేనివాళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. ఐదో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు, మోకాళ్లు సహకరించవు, లిఫ్ట్ ఆగిన రోజు చెత్త ఇంట్లోనే ఉండిపోతుంది. ప్రస్తుతానికి ఎదురింటి అబ్బాయి కాలేజీకి వెళ్తూ ఆవిడ డబ్బాలు తీసుకెళ్తున్నాడు, వచ్చే ఏడాది వాళ్లు ఇల్లు మారుతున్నారు. వృద్ధులకు, వికలాంగులకు గుమ్మం దగ్గరే చెత్త తీసుకోవాలని నిబంధనలో చేర్చమని ఇరవై మందిమి సంతకాలు పెట్టి ఇచ్చి ఎనిమిది నెలలైంది. జవాబు రాగానే ఈ మార్కులు మార్చి రాస్తాను.