కోలుకునే రోజుల్లో క్రోషేనా, నిట్టింగా?

జబ్బు నుంచి కోలుకుంటూ మంచం మీద ఉన్నప్పుడు చేతిలో కాస్త ఊలు ఉంటే పొద్దు గడవడమే కాదు, మనసూ తేలికపడుతుంది. మరి కొక్కెంలాంటి హుక్‌తో అల్లే క్రోషేనా, రెండు సూదులతో అల్లే నిట్టింగా, దేనితో మొదలుపెట్టాలి?

నా ఓటు క్రోషేకే. ఒకే హుక్, దాని మీద సాధారణంగా కొద్దిపాటి లూపులే. నీరసం వస్తే చివరి లూపును కాస్త పెద్దగా లాగి పక్కన పెట్టేయొచ్చు, అల్లిందంతా అలాగే ఉంటుంది. తప్పు జరిగితే దారం లాగి విప్పి, అక్కడి నుంచే మళ్లీ అందుకోవచ్చు. మందుల మత్తులో లెక్క తప్పే రోజుల్లో ఇదెంత ఊరటో! పైగా చిన్న చదరం ఒక్క పూటలో అయిపోతుంది. ఈరోజు నేనూ ఒకటి చేశానన్న సంతోషం అప్పుడు చాలా అవసరం.

నిట్టింగ్‌లో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. ఒకటి జారితే కింది వరుసల్లోకి ఊడిపోతుందని టెన్షన్. కానీ లయ కుదిరాక అదిచ్చే ప్రశాంతత వేరు, బట్ట కూడా బాగా సాగుతుంది. కేబుల్‌తో కలిపిన సర్క్యులర్ సూదులైతే బరువు ఒళ్లో పడి చేతులకు శ్రమ తగ్గుతుంది.

మణికట్టు నొప్పి ఉంటే మాత్రం క్రోషే ఇబ్బంది పెట్టొచ్చు, ఒకే చెయ్యి పదేపదే తిరగాలి కాబట్టి. ఏది ఎంచుకున్నా 5 మి.మీ. సైజు హుక్ లేదా సూదులు, లేత రంగు ఊలు తీసుకోండి. నొప్పి మొదలవకముందే ఆపేయండి.